అరుగుకు ఎడమ పక్క

"వేసిన్నంటే వేసిన్నే అత్తా. గోకరకాయ కూర, రెండు గంటెలు. నా చేతులతోనే వేసిన."

"వేస్తే ఏమాయె మరి? కాకెత్తుకపోయిందా? నిన్న గట్లనే అంటివి, మొన్న గట్లనే అంటివి. ముసలాయినెకు ఉత్త గటక పెట్టి కూర ఎవలికి దాస్తున్నవే?"

"నేనెవలికి దాస్త? ఇంట్ల ఉన్నదే నలుగురం."

"నలుగురిల ఒకనికి కూర లేదంటున్న. నీ మామ అబద్ధం చెప్తడా?"

దశరథం బయట అరుగుమీద కూర్చుని పావుగంట నుంచి ఈ గొడవ వింటున్నాడు. అతను బస్సు దిగి వచ్చేసరికే అది సగంలో ఉంది. అత్త శంకరవ్వ గొంతు పెరుగుతోంది, కోడలు సాయవ్వ గొంతు తగ్గుతోంది. మధ్యలో ఇంటిపెద్ద సిద్దిరాములు ఒక్క మాటే అంటున్నాడు: "వెయ్యలే."

ఆ ఒక్క మాట తీరు దశరథానికి బాగా తెలుసు. మూడు నెలల కిందట పోలీసుల ముందు కూడా సిద్దిరాములు ఇట్లాగే ఒక్క మాట చెప్పాడు, "రాలే" అని. ఆ మాటతో యెషయా అనే ఇరవై ఆరేళ్ల మిస్త్రీ జైల్లో పడ్డాడు.

దశరథం నైజాం పోలీసుల్లో జమేదారుగా పనిచేశాడు. నలభై ఎనిమిదిలో, నైజాం రాజ్యంతోపాటే ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కరీంనగర్‌లో ఒక వకీలు దగ్గర చేరి, కేసుల వెనక ఉన్న నిజానిజాలు తవ్వే పనిలో పదిహేనేళ్లు గడిపాడు. జనం ఇప్పటికీ జమేదార్ సాబ్ అనే పిలుస్తారు. ఎల్లుండి జిల్లా కోర్టులో పేషీ. యెషయా తండ్రి మైసయ్య వారం రోజులుగా వకీలు ఇంటి మెట్లమీద కూర్చుంటున్నాడు. ఏమీ అడగడు. ఎవరైనా బయటికి వస్తే లేచి నిలబడతాడు, లోపలికి పోతే కూర్చుంటాడు. అతన్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకుంటాడు దశరథం. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినట్టు, ఏమీ అనిపించదు. సంచీలో నోటుపుస్తకం పెట్టుకుని మానేటిపేట బస్సెక్కాడు, అంతే.

"జమేదార్ సాబ్, మీరన్న వచ్చి చూడుండ్రి," శంకరవ్వ గడపలోకి వచ్చింది. "కండ్లున్నోళ్లు ఎవలన్న చూసి చెప్పాలె."

దశరథం లోపలికి వెళ్లాడు. సిద్దిరాములు స్తంభానికి ఆనుకుని పీటమీద కూర్చున్నాడు. మనిషి గట్టిగానే ఉన్నాడు. కాముని పున్నమి నాడు పక్షవాతం వచ్చి పడిపోయాడట. పదిహేను రోజుల్లో లేచాడు. చెయ్యి వచ్చింది, కాలు వచ్చింది, మాట వచ్చింది. మళ్లీ మగ్గం గుంటలోకి దిగి తువ్వాళ్లు నేస్తున్నాడు. చూసినవాళ్లు జబ్బు పోయిందనుకున్నారు.

ముందున్న పళ్లెం చూసి దశరథం ఆగిపోయాడు.

పళ్లెంలో కుడి సగం నాకినట్టు శుభ్రంగా ఉంది. ఎడమ సగంలో జొన్న గటక అట్లాగే ఉంది, దాని పక్కన గోకరకాయ కూర, రెండు గంటెలు. నడుమ గీత గీసినట్టు ఒక అంచు.

"అగో, కూర ఉన్నది గద!" అంది శంకరవ్వ వంగి చూసి. ఆమె ముఖం వెలవెలబోయింది. ఇంతసేపూ ఆమె వంటింటి గడప దగ్గర నుంచే తిట్టింది, పళ్లెం దాకా రాలేదు. "మరి లేదంటవేంది?"

"ఏది?" అన్నాడు సిద్దిరాములు. అతని చూపు పళ్లెం కుడివైపు తిరిగి వచ్చింది. "ఎక్కడున్నది?"

దశరథం కింద కూర్చుని, వేలితో పళ్లేన్ని సగం చుట్టు తిప్పాడు. ఎడమ పక్కన ఉన్నది కుడి పక్కకు వచ్చింది.

"ఇప్పుడు తెచ్చిందా?" అన్నాడు సిద్దిరాములు, కూరలో వేళ్లు పెడుతూ. "గింత లొల్లి అయినంక తెచ్చింది. ముందే తెస్తే ఏం పోయె?"

ఇంట్లో అతను తినే చప్పుడే వినిపించింది.

దశరథానికి వరంగల్ పోలీసు లైన్లలో ఉన్న ముత్యం అనే జవాను గుర్తొచ్చాడు. గుర్రం తన్నితే ముత్యం తలకు కుడిపక్కన దెబ్బ తగిలింది. గాయం మానింది. కానీ మరుసటి నెల పరేడుకు వాడు గడ్డం ఒక్క చెంపకే గీసుకుని వచ్చాడు. కుడి కాలికి పట్టీ చుట్టాడు, ఎడమ కాలు వట్టిది. పై అధికారి అమీన్ సాబ్ బెత్తంతో కొట్టాడు. ముత్యానికి ఎందుకు కొడుతున్నారో అర్థం కాలేదు. చివరికి హైదరాబాదు తీసుకుపోతే అక్కడి ముసలి డాక్టరు ఉర్దూలో చెప్పిన మాట దశరథం మరిచిపోలేదు. కన్ను టపా తెచ్చే మనిషి లాంటిది, తలుపు దాకా తెస్తుంది, లోపల పుచ్చుకునేవాడు ఉండాలి అన్నాడాయన. ఇతని తలలో ఎడమ వాకిలికి మనిషి లేడు. లేడన్న సంగతి కూడా ఇతనికి తెలియదు. చీకటి కనబడితే చీకటి అని చెప్పేవాడు. ఇతనికి చీకటి కూడా కనబడదు. ఆ పక్క ప్రపంచమే లేదు, లేనిదాని కోసం ఎవడు వెతుకుతాడు?

సిద్దిరాములు చెయ్యి కడుక్కుని అరుగుమీదికి వచ్చాక దశరథం నోటుపుస్తకం తీశాడు.

ఆ అరుగు ఎదుట మానేటిపేట నేతవీధి. కుడివైపు కొస బస్సు ఆగే చోటు. ఎడమవైపు కొస వాగు. ఎదుటి వరుసలో, ఎడమకు నాలుగిళ్ల అవతల మల్లన్న సాంచెల షెడ్డు. కరెంటుతో నడిచే మగ్గాలను ఇక్కడివాళ్లు సాంచెలంటారు. షెడ్డుకు వీధివైపు ఒక్కటే తలుపు, వెనక గోడకు కిటికీ కూడా లేదు. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ముట్టరు, సాంచెలు కూడా ఆపేస్తారు. అందుకే మిస్త్రీలు మరమ్మతుకు అమావాస్య నాడే వస్తారు. ఆషాఢ అమావాస్య నాడు వీధి వీధంతా లారీ మాట్లాడుకుని కొండగట్టు గుడికి పోయింది. షెడ్డులో మల్లన్న ఒక్కడే ఉన్నాడు, ఇంటి అరుగుమీద సిద్దిరాములు ఉన్నాడు. మధ్యాహ్నం పన్నెండుకు లారీ తిరిగొచ్చింది. మల్లన్న భార్య గంగుబాయి షెడ్డు తలుపు తీసింది. మగ్గాల మధ్య మల్లన్న బోర్లా పడి ఉన్నాడు. తలమీద ఇనుప కడ్డీ దెబ్బ.

"సిద్దిరాములన్నా, యెషయాను ఏ దిక్కు నుంచి రాంగ చూసినవ్?"

"బస్సు దిక్కు నుంచి. చేతిల పానాలు, సుత్తెల సంచి ఉండె."

"ఎన్నింటికి?"

"కరీంనగర్ బస్సు అప్పుడే ఆగింది. అంటే పది."

"నీ ముంగటికెల్లి పోయిండా?"

"శనార్తి తాతా అన్నడు. శనార్తి అన్న."

"తర్వాత?"

"షెడ్ల పోయిండు."

"తలుపు మల్లన్న తీసిండా, ఇతనే నూకిండా?"

సిద్దిరాములు ఆలోచించాడు. "పోయిండు సాబ్."

"తలుపు నూకంగ చూసినవా, లేదా?"

"గా దిక్కు పోయినోడు ఇంకెక్కడికి పోతడు? ఆకాశంలకు పోతడా?"

దశరథం పుస్తకంలో 'చూడలేదు, అనుకున్నాడు' అని రాసి కింద గీత గీశాడు. పోలీసు కాగితంలో ఇదే సంగతి 'తలుపు తోసుకుని లోనికి వెళ్లగా కళ్లారా చూచితిని' అని ఉంది. ముసలివాడు అబద్ధం చెప్పలేదు. తెగిన చోట పోగు అతికినట్టు, చూసిన దానికీ చూసిన దానికీ మధ్య అతని మనసే అతుకు వేసుకుంది. అతుకు ఎక్కడుందో అతనికే తెలియదు.

"మళ్ల బయటికి?"

"రాలే. గంగుబాయి ఒర్రేదాంక ఎవ్వలు రాలే, ఎవ్వలు పోలే. నేను అరుగు దిగలే."

"యెషయా ఏమంటున్నడో ఎరుకేనా? పదిన్నరకు పని అయిపోయింది, మల్లన్న పాన్ నములుకుంట సాగనంపిండు, వాగు దిక్కు నడుచుకుంట ఇంటికి పోయిన అంటున్నడు."

"పోతే నాకు కనబడకపోవునా?" అన్నాడు సిద్దిరాములు. గొంతులో కోపం లేదు. "నాకు కండ్లు మంచిగనే ఉన్నయ్ సాబ్."

"ఆ మాట నేనూ చెబుతాను," అని వెనక నుంచి వినిపించింది.

ఎస్.ఐ. పానకాలరావు సైకిలు దిగి, దాన్ని కానిస్టేబులు హనుమంతుకు అందించాడు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్లయింది. చొక్కా మడత నలగదు.

"ఏమండీ జమేదారు గారూ, మా సాక్షికి పాఠం చెప్పడానికి వచ్చారా?"

"పాఠం చెప్పేటంత చదువు నాకు లేదు సార్. అడుగుతున్న, వింటున్న."

"ఎల్లుండి కేసు పెట్టుకుని ఇవాళ వింటున్నారా? కళ్లకు డాక్టరు సర్టిఫికెట్టు ఉంది. ఇక్కడ కూర్చునే బస్సు మీద బోర్డు చదివాడు, నా ముందే. నైజాం రోజుల్లో మీరు ఎట్లా నడిపారో గానీ, ఇప్పుడు సాక్ష్యం అంటే సాక్ష్యమే."

"సర్టిఫికెట్టు తప్పని నేననలే. కండ్లు ఖాయంగ మంచిగనే ఉన్నయ్. బస్సు ఏ దిక్కు ఆగుతది సార్?"

పానకాలరావు కుడివైపు చూశాడు.

"ఒక్క పది నిమిషాలు మీ హనుమంతును ఇయ్యిండ్రి. నేను ఓడిపోతే గిప్పుడొచ్చే బస్సెక్కి పోత."

"వెళ్లే బస్సు మూడున్నరకుంది," అన్నాడు ఎస్.ఐ. గడియారం చూసుకుని. "ఎక్కుతారన్నమాట. సరే."

దశరథం హనుమంతును పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పాడు. తిరిగొచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "సిద్దిరాములన్నా, హనుమంతు ఏం చేస్తే అది చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

మూడూ పదికి హనుమంతు బస్సు కొస నుంచి నడిచొచ్చాడు.

"వస్తున్నడు," అన్నాడు సిద్దిరాములు. "టోపీ పెట్టుకున్నడు. దండెం కింద వంగిండు. నా ముంగటికొచ్చిండు." అతని మెడ కాస్త తిరిగి ఆగిపోయింది. "షెడ్ల పోయిండు."

హనుమంతు అప్పటికి షెడ్డు చేరలేదు. నాలుగిళ్ల దూరం ఇంకా నడుస్తున్నాడు. పానకాలరావు నొసలు ముడిపడింది.

మూడూ పన్నెండుకు హనుమంతు షెడ్డు తలుపు నెట్టి లోపలికి పోయాడు. మూడూ పద్నాలుగుకు బయటికొచ్చి, తలుపు మూసి, వాగు కొసకు నడిచాడు. అక్కడ తిరిగి, అదే వైపు నుంచి అరుగు దాకా వచ్చి, సిద్దిరాముల ఎడమ భుజానికి రెండు బారల దూరంలో నిలబడ్డాడు. అతని బెల్టు బిళ్ల ఎండకు మెరుస్తోంది.

"ఇప్పుడేమైంది?" అని అడిగాడు దశరథం.

"ఏమైతది? ఇంక రాలే. లోపట్నే ఉన్నడు."

హనుమంతు తన ఎస్.ఐ. వైపు బిక్కముఖం వేసుకుని చూశాడు. శంకరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మంచిగ చూడన్నా. అమాస నాడు చూసినట్టే చూడు."

"చూస్తున్న గద. వీధిల కుక్క గూడ లేదు. ఎండల ఎందుకు నిలబెడుతున్నరు వాన్ని, బయటికి రమ్మనుండ్రి."

దశరథం హనుమంతు మోచెయ్యి పట్టుకుని, అరుగు ముందు నుంచి కుడివైపుకు నడిపించాడు. సిద్దిరాములు ఉలిక్కిపడ్డాడు.

"ఎటుకెల్లి వచ్చినవురా?"

"ఈడనే ఉన్న తాతా," అన్నాడు హనుమంతు మెల్లగా. "ఐదు నిమిషాల సంది."

"పరాచికాలా? నేను నీ తాత లెక్క."

ముసలివాడి ముఖంలో అనుమానం ఉంది, భయం లేదు. తన కళ్లమీద కాదు, వీళ్లమీద అనుమానం.

పానకాలరావు దశరథాన్ని వీధిలోకి తీసుకుపోయాడు. అతని గొంతు తగ్గింది, పదును తగ్గలేదు. "బాగుందండీ తమాషా. కోర్టులో ఇది చెప్పండి. కళ్లున్నాయి గానీ సగం వీధి కనపడదు అనండి. జడ్జిగారు నవ్వుతారు."

"నవ్వనియ్యిండ్రి. హనుమంతును అక్కడ గూడ నడిపిస్త."

"సరే, మీ మాటే ఖాయమనుకుందాం. యెషయా బయటికి పోయాడు. ఇంకెవడో వాగు వైపు నుంచి వచ్చి చంపి, అదే దారిన పోయాడు. ఇంతేగా?" ఎస్.ఐ. సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "ఒక్కటి చెప్పండి. పట్టపగలు. ఎదురుగా అరుగుమీద మనిషి. వీధిలో పిట్ట ఎగిరినా చెప్పగలడని పేరున్న మనిషి. ఆ ముసలాయన చూడలేడని తెలియకుండా, ఇనుపకడ్డీ పట్టుకుని ఎవడొస్తాడండీ? మీకూ నాకూ ఇవాళ తెలిసింది. మూడు నెలల కిందట తెలిసినవాడు ఎవడు?"

దశరథం షెడ్డు తలుపు వైపు చూశాడు.

"లేడు కదా. ఇంకో మాట." ఈసారి అరుగు దాకా వినబడేటట్టు గొంతు పెంచాడు. "ఎల్లుండి ఇతను మాట మారిస్తే అబద్ధపు సాక్ష్యం కింద లోపలేస్తాను. ఈ వయసులో జైలుకు పంపిన పుణ్యం మీకే."

సైకిలు బస్సు కొసకు పోయింది. హనుమంతు వెనక పరుగెత్తాడు. మూడున్నర బస్సు వచ్చి పోయింది.

దశరథం వీధిలోనే నిలబడ్డాడు. ఎస్.ఐ. వెక్కిరింపుగా అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. ఇన్నాళ్లూ తనకు రాని ప్రశ్న. అరుగుమీద ఉన్న మనిషికి భయపడనివాడు ఎవడు?

అతను ఇంట్లోకి వెళ్లాడు. శంకరవ్వ గోడకు ఆనుకుని కూలబడి ఉంది. సాయవ్వ పళ్లెం కడుగుతోంది. కడిగిన పళ్లేన్నే మళ్లీ కడుగుతోంది.

"బిడ్డా, మీ మామ నేసే మగ్గం ఏది?"

ఆమె తడిచేత్తో నడిమింట్లోకి చూపించింది.

పెంకుల్లో అమర్చిన అద్దం బిళ్ల నుంచి మగ్గంమీద వెలుతురు పడుతోంది. తువ్వాల పడుగు తెల్లగా చాచి ఉంది. దశరథం నేతవాడు కాదు. కానీ వంగి చూస్తే ఎవరికైనా కనబడేదే అది. నేసేవాడు కూర్చునే చోట నుంచి కుడివైపు పడుగు నీటుగా ఉంది, పోగు పక్కన పోగు. అంచు బిగువుగా, కత్తితో కోసినట్టుంది. నడుమ నుంచి ఎడమకు వస్తే ఆరు పోగులు తెగి వేలాడుతున్నాయి. అవి తెగినా అడ్డపోగు నడిపే నాడె ఆగలేదు, వాటి మీదుగానే నేత సాగింది. ఎడమ అంచు వదులై అలలు తిరిగింది.

అంతవరకు దశరథం ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి ఉంది. తెగిన ఆరు పోగులకు వెనక, అదే ఎడమ సగంలో, చిన్న చిన్న ముడులు ఉన్నాయి. పదులకొద్దీ. తెగిన పోగులను ఎవరో అతికారు. ఓపికగా, కొస మిగలకుండా కొరికి, ఒక్కొక్కటీ ఒకే తీరుగా. కుడి సగంలో అట్లాంటి ముడి ఒక్కటీ లేదు. అక్కడ సిద్దిరాములు వేసుకున్న ముడులు వేరే తీరుగా, పెద్దవిగా ఉన్నాయి.

"గీ పక్క పోగులు ఎవలు అతుకుతరు బిడ్డా?"

"మా ఆయినె," అంది సాయవ్వ వెంటనే. "పొద్దుగాల మామ లేవకముందే లేచి అతుకుతడు. ఆ తర్వాతనే షెడ్డుకు పోతడు."

"ఎప్పటి సంది?"

"ఉగాది సంది. మామ మళ్ల మగ్గంల దిగినప్పటి సంది." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేనడిగిన, రోజు ఎందుకు పరేషాన్ అయితవు, మామకే చెప్పరాదా అని. బాపుకు ఎడమ దిక్కు సోయి లేదే, చెప్తే పానం చిన్నబుచ్చుకుంటడు, నలభై ఏండ్లు నేసిన మనిషి, ఎవలకు చెప్పకు అన్నడు. అవ్వకు గూడ చెప్పలే. నేను గూడ పోగులు కనబడుత లేవేమో అనుకున్న గని, పళ్లెంల బువ్వ గూడ కనబడదని నాకేం ఎరుక?"

చెప్పడం పూర్తయ్యాక, తానేం చెప్పిందో ఆమె చెవికి తగిలినట్టుంది. చేతిలో కొంగు అట్లాగే ఉండిపోయింది.

దశరథం నోటుపుస్తకం తెరిచాడు. మూడో పేజీలో తన రాతే ఉంది. 'కొడుకు బాలమల్లు. మల్లన్న షెడ్డులో పని. ఆషాఢంలో గుడ్డలో తప్పులు పడ్డాయని మల్లన్న ఇతన్ని అందరి ముందు తోలు పట్టెతో కొట్టాడు. అమావాస్య నాడు పొద్దుటి నుంచి వాగు దగ్గర, చేపలకు. చేపలు పడలేదు.' మల్లన్న చేతి దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు ఆ పేజీలో ఐదున్నాయి. ఎవరి పేరు పక్కనా తను గుర్తు పెట్టలేదు. అరుగుమీద తండ్రి ఉండగా, ఎవరూ రాలేదని తండ్రే చెప్పగా, ఎందుకు పెడతాడు?

వెనక అలికిడైంది. సిద్దిరాములు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి విన్నాడో తెలియదు.

"ఎడమ దిక్కు సోయి లేదా నాకు?" అన్నాడు.

అతను మగ్గం దగ్గరికి వచ్చి గుంటలోకి దిగాడు, రోజూ దిగినట్టే. పడుగు చూశాడు. "మంచిగనే ఉన్నది గద," అన్నాడు.

దశరథం అతని కుడిచెయ్యి పట్టుకుని, పడుగుమీదుగా మెల్లగా ఎడమకు జరిపాడు. నడుమ దాటాక వేళ్లు ఆగాయి. తెగిన పోగు తగిలింది. ఇంకొకటి. తర్వాత ముడులు. వేళ్లు ఒక ముడి మీద నిలబడి, దాన్ని తిప్పి, కొసలు ఎక్కడ దాగాయో తడిమి చూశాయి. ఇంకో ముడి. ఇంకోటి. కళ్లు మాత్రం కుడివైపే ఉన్నాయి.

"రెండు మలుపుల ముడి," అన్నాడు చివరికి. "ఇది నాది కాదు. నా వేళ్లు లావు, నాకు రాదు. మా బాపుకు వచ్చు. బాపు చెప్పంగ విని మా పిల్లగానికి నేర్పిన. ఎనిమిదేండ్లకే నేర్చుకున్నడు."

అతను చాలాసేపు ఆ ముడుల దగ్గరే ఉన్నాడు. లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. అద్దం బిళ్ల వెలుతురు పడుగు దాటి గోడ మీదికి పోయింది. వీధిలో సాంచెల మోత అట్లాగే నడుస్తోంది. దశరథానికి పొద్దుటి నుంచి అన్నం లేదు, ఆకలి కూడా లేదు. యెషయా బతుకుతాడు అని మనసులో అనుకుని చూశాడు. ఆ మాటకు సంతోషం రాలేదు. బాలమల్లు అనుకుని చూశాడు. దానికీ ఏమీ రాలేదు.

దీపాల వేళకు సిద్దిరాములు గుంట ఎక్కి వచ్చి, స్తంభం దగ్గర పీటమీద కూర్చున్నాడు.

"శంకరవ్వా, ఇట్ల రా. కోడలా, నువ్వు గూడ. సాబ్, మీరు గూడ ఉండుండ్రి."

ముగ్గురూ అతని కుడివైపు వచ్చి నిలబడ్డారు. ఎవరూ చెప్పుకోకపోయినా అందరూ ఆ వైపే నిలబడ్డారు.

అప్పుడే బాలమల్లు వచ్చాడు. జుట్టునిండా దూది నూగు, భుజంమీద తువ్వాల. వట్టికాళ్లతో గడప దాటి రెండడుగులు వేసి, దశరథాన్ని చూసి ఆగిపోయాడు. తండ్రికి ఎడమ పక్కన, నాలుగడుగుల దూరంలో. నడిమింటి తలుపు తీసి ఉంది. మగ్గం మీద దీపం పెట్టి ఉంది. అతను దాన్ని చూశాడు. భార్య ముఖం చూశాడు. ఇంక కదలలేదు.

సాయవ్వ ఒక అడుగు ముందుకు వేయబోయింది. శంకరవ్వ కొడుకునే చూస్తూ, కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఎల్లుండి కరీంనగర్‌ల పేషీ," అన్నాడు సిద్దిరాములు. గొంతు మామూలుగా ఉంది, రేపటి పని చెప్పినట్టు. "రేపు పొద్దుగాల బస్సుకు పోత. యెషయా పోయిందే చూసిన, వచ్చింది చూడలే, నాకు గా పక్క కనబడదు అని జడ్జి ముంగట చెప్త. పోలీసోడు జైల్ల వేస్తనన్నడు. వెయ్యనియ్యి. కనబడదని ఎవలెవలికి ఎరుక అని అడుగుతరు. అడుగుతే, పడుగు కోసుకపోయి చూపిస్త. ముడి ఎవలదంటే గది గూడ చెప్త. ఏడ్వకుండ్రి. ఏడ్చి ఆపితే ఆగేది కాదు."

ఎవరూ ఏడవడం లేదు.

"నన్ను తోలుకపోనీకి ఇంట్లకెల్లి ఎవలు వద్దు. సాబ్ కుడిపక్క నడుస్తడు." అతను తలెత్తి, భార్య నిలబడ్డ వైపు చూశాడు. ఆ చూపు అక్కడే ఆగింది. "పిల్లగాడు ఇంక రాలే. వచ్చినంక ముందు బువ్వ పెట్టుండ్రి. బువ్వ తిన్నంక, నేను పోతున్ననని మీరే చెప్పుండ్రి."